తెలుగు బైబిలులో ‘ఆశానిగ్రహము’: పదం, అర్థపరిధి, నిత్యాచరణ

వ్యాససంగ్రహం: పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలంగా చెప్పిన తొమ్మిది గుణాల్లో చివరిది గ్రీకులో ‘ఎంక్రతేయా’. తెలుగు బైబిలు దీనికి ‘ఆశానిగ్రహము’ అనే సమాసాన్ని ఎంచుకుంది. ఈ ఎంపిక తెలుగు క్రైస్తవుల నిత్యాచరణలో ఆ గుణానికి ఏ అర్థాన్ని స్థిరపరచిందో, ఏ అర్థాన్ని మరుగుపరచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆశానిగ్రహం, తెలుగు బైబిలు, అనువాద పరిభాష, ఆత్మఫలం, ఉపవాసం, అరిషడ్వర్గం.

1. వరుసలో చివరి మాట

ఆదివారపు ప్రసంగాల్లో, సండే స్కూలు కంఠస్థ వాక్యాల్లో, శ్రమకాలపు ధ్యానాల్లో ‘ఆశానిగ్రహము’ తరచు వినిపించే మాట. ఆత్మఫలాన్ని వరుసగా అప్పజెప్పే పిల్లలు ఊపిరి తీసుకునేది ఈ చివరి మాట దగ్గరే. సంఘానికి వెలుపల మాత్రం దీనికి చెలామణి చాలా తక్కువ. సాధారణ తెలుగు పాఠకుడు ‘ఇంద్రియనిగ్రహం’, ‘మనోనిగ్రహం’ అంటాడు. కొత్తతరం ‘స్వీయనియంత్రణ’ అంటుంది. ‘సమాధానము’ను శాంతి అనే అర్థంలో, ‘నిరీక్షణ’ను ఆశాభావం అనే అర్థంలో వాడినట్టే ఈ మాట విషయంలోనూ తెలుగు బైబిలు తనదైన ఒక పరిభాషను నిర్మించుకుంది. ఆ పరిభాషను క్రైస్తవ సమాజపు మాండలికంగా భావించి పక్కన పెట్టడం తెలుగు విమర్శకు అలవాటైపోయింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరి అనువాదానికి పూనుకున్న నాటి నుంచి లక్షలాది మంది నోళ్లలో నలిగిన భాష ఇది. ఒక్కొక్క మాటా ఒక్కొక్క జీవన విధానాన్ని మోస్తుంది. ఆ దృష్టితో చదివితే ‘ఆశానిగ్రహము’ అంత తేలికైన మాట కాదని తెలుస్తుంది.

2. గ్రీకు మూలం, తెలుగు పర్యాయాలు

‘ఎంక్రతేయా’లోని ‘క్రతోస్’ అంటే బలం, అధికారం. తనపై తనకు పట్టు ఉండడం ఈ పదానికి మూలార్థం. ఏ వస్తువును అదుపు చేయాలో పదంలోనే చెప్పి ఉండదు. అది తిండి కావచ్చు, నిద్ర కావచ్చు, కోపం కావచ్చు, మాట కావచ్చు. అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ ఏడవ భాగంలో ఈ గుణానికీ ‘సోఫ్రోసునే’కూ తేడా చూపాడు. చెడు కోరికలు ఉండి కూడా వాటికి లొంగనివాడు మొదటి కోవకు చెందుతాడు. అటువంటి కోరికలే లేనివాడు రెండో కోవకు చెందుతాడు. అంటే ‘ఎంక్రతేయా’ పోరాటం ఇంకా సాగుతున్న మనిషి గుణం.

కొత్త నిబంధనలో ఈ పదకుటుంబం వాడకం చాలా పరిమితం. నామవాచకం అపొస్తలుల కార్యాల్లో ఒకసారి, గలతీయ పత్రికలో ఒకసారి, పేతురు రెండవ పత్రికలో రెండుసార్లు కనిపిస్తుంది. క్రియారూపం మొదటి కొరింథీయ పత్రికలో రెండుచోట్ల, విశేషణం తీతు పత్రికలో ఒకచోట ఉన్నాయి. తెలుగు అనువాదకులు నామవాచకానికీ విశేషణానికీ ‘ఆశానిగ్రహము’నే వాడారు. క్రియ దగ్గరకు వచ్చేసరికి మాట మారింది. పందెగాడి ఉపమానంలో ‘మితము’ అన్నారు, వివాహ ప్రసక్తిలో ‘మనస్సు నిలుపుట’ అన్నారు. ఈ రెండూ సంస్కృత సమాసం కంటే ఎంతో సజీవమైనవి. ‘మనస్సు నిలుపుట’లో ఒక పట్టు ఉంది, ఒక నిలకడ ఉంది, అణచివేత లేదు. సోఫ్రోసునే కుటుంబానికి ‘స్వస్థబుద్ధి’నీ, తిమోతి రెండవ పత్రికలో ‘ఇంద్రియనిగ్రహము’నూ, మత్తులో లేని మెలకువను తెలిపే గ్రీకు క్రియకు పేతురు మొదటి పత్రికలో ‘నిబ్బరమైన బుద్ధి’నీ వాడారు. వీటిలో ‘నిబ్బరం’ అచ్చంగా ఇంటి మాట. కష్టం వచ్చినప్పుడు పెద్దలు పిల్లలకు చెప్పే మాట. గలతీయ పత్రికలోని తొమ్మిదో గుణానికి ఇటువంటి మాట దక్కి ఉంటే దాని చరిత్ర వేరుగా ఉండేది.

3. ‘ఆశ’, ‘నిగ్రహం’

గ్రీకు పదం వస్తువును పేర్కొనకుండా వదిలిన చోట తెలుగు సమాసం ఒక వస్తువును నిలిపింది. ఆ వస్తువు ఆశ. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తెలుగులో ఆశ రెండు దిక్కులా తిరిగే మాట. పొలం మీద ఆశ, పరాయి సొమ్ముకు ఆశపడడం ఒక దిక్కు. బతుకు మీద ఆశ, బిడ్డ చదువుకుంటాడన్న ఆశ మరో దిక్కు. బైబిలు అనువాదకులు రెండో అర్థానికి ‘నిరీక్షణ’ను కేటాయించి, చెడ్డ కోరికకు ‘దురాశ’, ‘ఇచ్ఛ’ అనే మాటలు వాడుకున్నారు. ఇలా పని పంచిన తర్వాత కూడా నిగ్రహించవలసినదిగా ‘దురాశ’ను కాక వట్టి ‘ఆశ’ను నిలపడం గమనించదగ్గది. అదే బైబిలులో నలభై రెండవ కీర్తన భక్తుడి ప్రాణం దేవుని కోసం పడే తపనకు ‘ఆశపడు’ అనే క్రియనే వాడింది. అంటే ఆశ అంతా నిగ్రహించవలసినది కాదని ఆ గ్రంథమే సాక్ష్యం చెబుతోంది.

ఇది పదచర్చకే పరిమితమైన విషయం కాదు. తెలుగునాట క్రైస్తవాన్ని స్వీకరించిన వారిలో అత్యధికులు భూమీ చదువూ గుడీ బావీ అందని కులాలవారు. వారికి కొత్త మతం మొదట ఇచ్చింది ఆశ. బడికి వెళ్లవచ్చు, పుస్తకం ముట్టవచ్చు, పదిమంది ముందు నిలబడి చదవవచ్చు అన్న ఆశ. 1941 నాటి ‘గబ్బిలం’లో జాషువా నాయకుడు కాశీలోని శివునికి తన గోడు పంపుకున్నాడంటే ఆ పంపడం వెనుక ఉన్నదీ ఆశే. కవి ఆ ఆశను నిగ్రహించమని అతనికి చెప్పలేదు. అటువంటి సమాజానికి రోజూ ‘ఆశానిగ్రహం’ బోధించేటప్పుడు ఏ ఆశను నిగ్రహించాలో చెప్పకపోతే, ఉన్నదానితో సర్దుకోవడమే భక్తి అనే అర్థం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పౌలు ఉద్దేశించింది అది కాదు.

‘నిగ్రహం’ కూడా అమాయకమైన మాట కాదు. మన కావ్యభాషలో ఋషులు, రాజులు ‘నిగ్రహానుగ్రహ సమర్థులు’. అక్కడ నిగ్రహం దండన, అనుగ్రహం దయ. గీతలోనూ ఈ మాటకు ఏకరూపమైన గౌరవం లేదు. మూడవ అధ్యాయం ప్రకృతిని అనుసరించే ప్రాణులను నిగ్రహం ఏం చేయగలదని ప్రశ్నిస్తుంది. ఆరవ అధ్యాయం అభ్యాసవైరాగ్యాలను మార్గంగా చూపుతుంది. ఆత్మఫలం క్రైస్తవ సిద్ధాంతంలో కృపకు, అంటే అనుగ్రహానికి చెందింది. అనుగ్రహం వల్ల పండే గుణానికి నిగ్రహమనే పేరు రావడం తెలుగు చెవికి తట్టే వైరుధ్యం. దీనికి బదులు ‘ఆత్మనిగ్రహం’ అంటే సరిపోతుందని కొందరికి తోచవచ్చు. కానీ క్రైస్తవ తెలుగులో ఆత్మ అనగానే స్ఫురించేది పరిశుద్ధాత్మ. ఆత్మఫలాల్లో ఆత్మనిగ్రహం ఒకటి అంటే ఆత్మనే అణచివేయమన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. పాత అనువాదకులు ఆ మాటను తప్పించుకోవడానికి కారణం ఇదే అయితే వారి జాగ్రత్తను మెచ్చుకోవాలి.

4. సందర్భం చెప్పే అర్థం

గలతీయ పత్రికలో ఆత్మఫలానికి ముందు శరీరకార్యాల జాబితా ఉంది. తెలుగు బైబిలులో అవి పదిహేను. మొదటి మూడు లైంగిక విషయాలు, తర్వాతి రెండు విగ్రహారాధన, అభిచారం, చివరి రెండు మత్తు, దానికి తోడైన అల్లరి. మధ్యలో ఉన్న ఎనిమిది ద్వేషం, కలహం, మత్సరం, క్రోధం, కక్ష, భేదం, విమతం, అసూయ. జాబితాలో సగానికి పైగా మనిషికీ మనిషికీ మధ్య చెడిన సంబంధాలే. దానికి కొంచెం ముందే పౌలు గలతీ సంఘస్థులను ఒకరినొకరు కరచుకునే జంతువులతో పోల్చి హెచ్చరించాడు. ఆ సంఘం సమస్య తాగుడు కంటే తగవు. సున్నతి విషయంలో చీలిపోయిన సంఘం అది. కనుక ఈ సందర్భంలో తనపై తనకు పట్టు అంటే ముందుగా కోపం మీద, పంతం మీద, నోటి మీద పట్టు అని గ్రహించాలి.

‘ఆశానిగ్రహము’ అనే మాట ఈ ఎనిమిదింటినీ కనుమరుగు చేసింది. మాట ఆశను చూపిస్తుంది కాబట్టి బోధ కూడా సారా, సినిమా, చుట్ట, నగల చుట్టూ తిరిగింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఇక్కడ వాడిన ‘టెంపరెన్స్’ అనే మాట పందొమ్మిదో శతాబ్దంలో మద్యనిషేధ ఉద్యమానికి పేరుగా స్థిరపడడం, ఆ శతాబ్దపు మిషనరీలు ఆ వాతావరణం నుంచే రావడం ఈ సంకోచానికి తోడ్పడి ఉండవచ్చు. తాగుడు మానడం చిన్న విషయమని దీని అర్థం కాదు. ఆ ఇంటి ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. అయితే సీసా ముట్టని సంఘపెద్ద సంఘాన్ని రెండుగా చీల్చినప్పుడు అతనిలో ఆశానిగ్రహం లోపించిందని ఎవరూ అనరు. గలతీయ పత్రిక అంటుంది.

తెలుగు సంప్రదాయానికి ఈ విశాలార్థం కొత్తది కాదు. అరిషడ్వర్గంలో కామంతో పాటు క్రోధమూ మాత్సర్యమూ ఉన్నాయి. సుమతీ శతకం కోపాన్ని శత్రువుగా చూపింది. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ ఎనిమిది దుష్టచింతలను లెక్కించాడు. వాటిలో తిండిపోతుతనం, కామం, ధనాశలతో పాటు కోపం, దిగులు, విసుగు, కీర్తికాంక్ష, గర్వం ఉన్నాయి. ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య ఉన్న పోలికలూ తేడాలూ తులనాత్మక అధ్యయనానికి మంచి వస్తువు. ముఖ్యంగా దిగులునూ విసుగునూ అదుపు చేయవలసిన వాటిలో చేర్చడం అరిషడ్వర్గ భావనలో లేని చూపు.

5. ఫలమా, సాధనా?

ఫలం పండుతుంది, ఎవరూ తయారు చేయరు. మరి రోజువారీ సాధన ఎందుకు? పేతురు రెండవ పత్రిక పూర్తి శ్రద్ధతో ఒక గుణానికి మరొకటి చేర్చుకోమంటూ, ఆశానిగ్రహాన్ని జ్ఞానానికీ సహనానికీ మధ్య నిలిపింది. పౌలు కూడా కొరింథీయులకు పందెగాడిని ఉదాహరణగా చూపాడు. కొరింథుకు దగ్గరలోనే ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి కనుక ఆ పోలిక వారికి కళ్లముందరిది. అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ పదవ భాగంలో ఈ చిక్కును తిండి దగ్గర పట్టుకున్నాడు. తింటున్నది అవసరానికా రుచికా అన్నది తనకే తేలడం లేదంటాడు. తాగుడు తనకు దూరమే గాని అతిభోజనం అప్పుడప్పుడు మెల్లగా చేరుతుందని ఒప్పుకుంటాడు. అదుపు దేవుడిచ్చేదే గాని తాను సంపాదించేది కాదని తేల్చి, దాని కోసం ప్రార్థిస్తాడు. ఆ ప్రార్థన మనిషి బాధ్యతను తగ్గిస్తోందని పెలేజియస్ మండిపడ్డాడు. ఆ వివాదం సిద్ధాంతంగా ఎటు తేలినా, అన్నం ముందు కూర్చున్న మనిషి సందేహాన్ని అగస్టీన్ పట్టుకున్నంత నిజాయితీగా పట్టుకున్నవారు తక్కువ.

తెలుగు సంఘాల్లో ఈ సాధనకు కనిపించే రూపం ఉపవాసం. కతోలికులు తపస్సుకాలమనీ, ఇతర సంఘాలవారు శ్రమదినాలనీ పిలిచే నలభై రోజులు, శుక్రవారపు ఉపవాస కూడికలు ఇందుకు సందర్భాలు. ఉపవాసం బయటికి తెలియకూడదని కొండమీది ప్రసంగం చెబుతుండగా, కూడిక అనేదే నలుగురికీ తెలిసేది. ఈ వైరుధ్యాన్ని కపటమని కొట్టివేయడం తొందరపాటు. ఒంటరిగా మనసు నిలుపలేనివారికి పదిమంది తోడు ఊతమవుతుంది. అసలు పరీక్ష వేరేచోట ఉంది. యెషయా యాభై ఎనిమిదవ అధ్యాయం ఉపవాసదినాన పనివారిని పీడించే భక్తులను నిలదీస్తుంది. ఆకలిని అదుపు చేసుకున్నవాడు కూలీల మీద అధికారాన్ని అదుపు చేసుకోలేదన్నదే అక్కడి అభియోగం.

6. ఎవరికి చెప్పిన మాట?

ఆచరణలో ఈ బోధ ఎవరికి ఎక్కువగా అందుతోందన్న ప్రశ్న వేయకుండా ఈ పదాన్ని పూర్తిగా చదవలేం. భర్త తాగి కొట్టినా నోరెత్తకపోవడం, తక్కువ కూలికి సణగకపోవడం ఆశానిగ్రహంగా బోధించడం వినని ఊరు ఉండదు. తీతు పత్రిక రెండవ అధ్యాయం యౌవనస్త్రీలకు అనేక హితవులు చెప్పి, యౌవనపురుషులను హెచ్చరించమంటూ ఒకే ఒక్క గుణాన్ని పేర్కొంటుంది. అది స్వస్థబుద్ధి. ప్రసంగాలు ఆ స్త్రీల హితవులను విప్పి చెప్పినంతగా ఈ ఒక్క వాక్యాన్ని విప్పి చెప్పవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాను అంగడి దగ్గరే ఎదుర్కొన్నారు. మగవాడి నిగ్రహం అతని ఒక్కడి ఆంతరంగిక విషయం కాదని వారు చేతలతో చూపారు.

‘ఎంక్రతేయా’ అనే నామవాచకం కథాసందర్భంలో వచ్చేది కొత్త నిబంధన మొత్తంలో ఒకే చోట. అపొస్తలుల కార్యాలు ఇరవై నాలుగవ అధ్యాయంలో కైసరయలో బందీగా ఉన్న పౌలు, రోమా అధిపతి ఫేలిక్సు ఎదుట, అతని భార్య ద్రుసిల్ల సమక్షంలో మాట్లాడతాడు. నీతి, ఆశానిగ్రహం, రాబోవు విమర్శ అతని అంశాలు. (తీర్పు అనే అర్థంలో ‘విమర్శ’ వాడిన తెలుగు బైబిలు, సాహిత్య విమర్శకులకు కొంత భయం కలిగించక మానదు.) ఇక్కడ బోధించేవాడు సంకెళ్లలో ఉన్నాడు, వినేవాడు అధికారపీఠం మీద ఉన్నాడు. ఫేలిక్సు ఒకప్పటి బానిస. రాజాధికారాన్ని బానిసబుద్ధితో చెలాయించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ అతన్ని ఎత్తిపొడిచాడు. ఆ ఎత్తిపొడుపులో రోమన్ కులీనుడి దురహంకారమూ ఉంది. కానీ లూకా చూపిన ఫేలిక్సు లోపం అతని పుట్టుకలో లేదు. పౌలు తనకు డబ్బు ఇస్తాడని అతను ఆశించాడు. అందుకే మాటిమాటికీ పిలిపించుకుని మాట్లాడాడు. విని భయపడ్డాడు, సమయం దొరికినప్పుడు మళ్లీ వింటానన్నాడు.

‘ఆశానిగ్రహము’ అనే తెలుగు మాట ఏడు సందర్భాల్లోకెల్లా సరిగ్గా అతికేది ఇక్కడే. నిగ్రహించవలసిన ఆశ లంచం మీది ఆశ. అది ఉన్నది పాలకుడిలో. బందీకి విడుదల మీద ఉన్న ఆశను నిగ్రహించుకోమని అక్కడ ఎవరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఫేస్తు అధికారానికి వచ్చేనాటికీ పౌలు చెరలోనే ఉన్నాడు. అతను డబ్బు ఇచ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు.