దిబ్బ తెరమీద, నీరు తెరవెనుక

'కె.జి.ఎఫ్.' చిత్రం మొదటి భాగం 2018 డిసెంబరులోను, రెండవ భాగం 2022 ఏప్రిల్‌లోను విడుదలయినాయి. కన్నడంలో తీసి తెలుగులోకి మార్చిన ఈ చిత్రాలు, తెలుగు ఇంటిభాషగా ఉన్న కోలారు జిల్లా విద్యార్థులకు పరాయి కథలు కావు. వాటిలోని వీరత్వం గురించి కావలసినంత రాశారు. నేను ప్రస్తావించదలచుకున్నది వీరుడి వెనకాల కనిపించే నేలను.

చిత్రీకరణలో కొంతభాగం కె.జి.ఎఫ్. పట్టణంలోని సయనైడు దిబ్బలమీద జరిగింది. చెట్టూ చేమా లేని ఆ దిబ్బలు కెమెరాకు బాగా నప్పుతాయి. అంతకుముందు కూడా అక్కడ సినిమాలు తీశారు. దర్శకుడు ప్రశాంత్ నీల్ ఆ నేలకు మసి, ధూళి, చీకటి జోడించి ఒక నరకలోకాన్ని నిర్మించారు. దృశ్యపరంగా అది సమర్థమైన పని, కాదనను.

అయితే ఆ దిబ్బ ఎట్లా పెరిగింది? రాతిని పిండి చేసి, సోడియం సయనైడు కలిపిన నీటిలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బురదను ఏళ్ళ తరబడి పారబోయగా పెరిగింది. 1880 మొదలు 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఈ గనులు ఇచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. 13 దిబ్బలలో మిగిలినది దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు. అంటే టన్ను బంగారానికి నలభైవేల టన్నుల పిండి. సయనైడు ఎండకూ గాలికీ చాలావరకు విరిగిపోతుంది. కాని గంధక ఖనిజాలున్న రాతిని ఎక్కడ పిండి చేసి పోసినా, గాలీ వానా తగిలితే ఆమ్లం పుడుతుంది. అది లోహాలను కరిగించి వాగుల్లోకి, బావుల్లోకి దించగలదు.

కె.జి.ఎఫ్.కు తాగునీరు పాలారు మీది బేతమంగల చెరువు నుంచి తెచ్చారు. మంచినీరు లోపలికి వచ్చింది, బురదనీరు బయటికి పోయింది. ఆ ఊరి చరిత్రను ఈ రెండు కాలవల కథగా కూడా చెప్పవచ్చు. చిత్రంలోని నరాచి గనిలో మాత్రం రాయి తవ్వుతారు, బంగారం బయటికి వస్తుంది. మధ్యలో నూరిన రాయి, వాడిన నీరు ఎటు పోయాయన్న ప్రశ్న కథలోకి రాదు. చెడు అంతా యజమానిలోనే ఉంది కనుక యజమాని చస్తే పీడ వదిలినట్లే. నిజమైన దిబ్బకు ఆ సౌకర్యం లేదు. జాన్ టేలర్ కంపెనీ పోయింది, ప్రభుత్వ సంస్థ వచ్చింది, దాని గనులూ మూతపడ్డాయి. దిబ్బ ఉంది.

వీరగాథలో వ్యర్థానికి చోటెక్కడిదని కొందరు అడగవచ్చు. వీరగాథ అయినా ఒక నిజమైన ఊరి పేరే పెట్టుకున్నది గదా! 2019 ఆగస్టులో, రెండవ భాగం కోసం దిబ్బమీద వేసిన సెట్లు పర్యావరణానికి హాని చేస్తున్నాయన్న ఫిర్యాదుపై స్థానిక న్యాయస్థానం చిత్రీకరణను ఆపమన్నది. కథలో రాని ప్రశ్న అట్లా చిత్రీకరణలో ఎదురయింది.

పా. రంజిత్ తమిళ చిత్రం 'తంగలాన్' (2024) ఇదే నేలమీద, 19వ శతాబ్దంలో నడుస్తుంది. బంగారానికి కాపలాగా ఆరతి అనే స్త్రీని నిలబెట్టి, తవ్వటానికి నేల ఒప్పుకోవాలన్న ఊహ చేసింది. కథనం తడబడినా ఆ ఊహ విలువైనది. కాని సయనైడు పద్ధతికి పేటెంటు వచ్చింది 1887లో. చిత్రంలోని కథ అంతకుముందుది, కనుక దిబ్బ అందులోనూ లేదు.

ఇక అసలు దిబ్బల సంగతి. వాటిలో మిగిలిన బంగారం కోసం 13 దిబ్బలనూ మళ్ళీ తవ్వే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వెయ్యి ఎకరాల పైచిలుకు నేల అది. మళ్ళీ నీరు కావాలి, మళ్ళీ బురద వస్తుంది. ఆ ప్రాంతపు విద్యార్థులెవరైనా తమ ఇంటి పెద్దలను దిబ్బల కింది బావుల గురించి, వానాకాలంలో వాగు రంగు గురించి అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి పంపితే మన పత్రికలో వేసుకుందాం.