రెండు బంతుల సిరాజ్

ఉప్పల్, నాచారం వైపు ఆదివారం పూట కాస్త ఖాళీ జాగా దొరికితే చాలు, కుర్రాళ్లు ఆడేది టెన్నిస్ బంతితోనే. దగ్గర్లోని రాజీవ్ గాంధీ స్టేడియంలో తోలు బంతి. చూసేవాళ్లకు రెండూ క్రికెట్టే. బౌలర్ చేతికి మాత్రం అవి రెండు వేరే ఆటలు. టెన్నిస్ బంతి బరువు 60 గ్రాముల లోపు, దానికి సీమ్ ఉండదు. తోలు బంతి దాదాపు 160 గ్రాములు, నడుమ ఉబ్బెత్తు కుట్టు. దాదాపు ఇరవై ఏళ్లు వచ్చేదాకా మొదటి ఆటలోనే ఉండి, రెండో ఆటలో టెస్టుల దాకా ఎదిగినవాడు మహ్మద్ సిరాజ్.

తండ్రి ఆటో నడిపేవారు. ఇంటి కష్టాల కథ అందరూ రాసిందే, నాకు ఆసక్తి సిరాజ్ వేళ్ల మీద. కుట్టు సాయం లేని బంతితో బ్యాటర్‌ను ఆపాలంటే భుజం బలంగా తిప్పాలి, సూటిగా స్టంప్స్ మీదికే వేయాలి. ఆ రెండూ సిరాజ్‌కు గల్లీలోనే ఒంటబట్టాయి. 2015లో హైదరాబాద్ తరఫున రంజీల్లోకి వచ్చాడు. మరుసటి సీజన్లో భరత్ అరుణ్ కోచ్‌గా ఉండగా 41 వికెట్లు తీశాడు.

అసలు పనితనం ఆ తర్వాత కనిపించింది. ఇన్‌స్వింగ్ సరిగా పడని రోజులొస్తే ‘వాబుల్ సీమ్’ పట్టాడు. మామూలుగా కుట్టు నిటారుగా నిలబెట్టి వదలాలి. ఇందులో వేళ్లు కాస్త ఎడంగా పెడతారు, బంతి గాల్లో కుట్టు ఊపుకుంటూ వెళ్తుంది. నేలను తాకినప్పుడు కుట్టు ఏ కోణంలో ఉంటే బంతి అటు మళ్లుతుంది. ఎటో బౌలర్‌కే ముందు తెలియదు, ఇక బ్యాటర్‌కు ఏం తెలుస్తుంది! అయితే ఈ జూదం పండాలంటే లైన్ తప్పకూడదు. గల్లీ నేర్పిన సూటిదనం ఇక్కడే అక్కరకొచ్చింది. 2023 ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు 6. శ్రీలంక 50కే ఆలౌట్. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో 15 పరుగులకు 6, దక్షిణాఫ్రికా 55.

2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ గెలుపునకు కొద్ది పరుగుల దూరంలో ఉంది. ముందురోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, బౌండరీ తాడు తొక్కినవాడు సిరాజే. బ్రూక్ ఆపై సెంచరీ కొట్టాడు. ఇంకొకరైతే ఆ రాత్రే కుంగిపోయేవారు. గస్ అట్కిన్సన్‌కు సిరాజ్ వేసిన ఆఖరి బంతి యార్కర్, ఆఫ్ స్టంప్ ఎగిరింది. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. ఆ బంతిలో సీమ్ విద్య ఏమీ లేదు, అచ్చం టెన్నిస్ బంతి ఆటలోని సరుకు.

లోపం లేదని కాదు. పాత బంతితో పదును తగ్గుతుందన్న కారణంతో 2025 ఛాంపియన్స్ ట్రోఫీకి అతన్ని తీసుకోలేదు. నాకది సగం నిజంగానే తోచింది. 2023 జనవరిలో ఇదే ఉప్పల్‌లో న్యూజిలాండ్‌పై సాంట్నర్, బ్రేస్‌వెల్‌ల 162 పరుగుల భాగస్వామ్యాన్ని విడగొట్టింది చివరి ఓవర్లలో సిరాజే, తర్వాతి బంతికే షిప్లీని కూడా పంపించాడు. ట్రోఫీ ముగిసిన నెలలోపే, 2025 ఏప్రిల్ 6న, ఐపీఎల్‌లో గుజరాత్ జెర్సీలో సొంతూరి సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. రెండు కొత్త బంతితో, రెండు పాత బంతితో.