రొమేనియన్ పర్యాటక పదాల ఆంగ్లానువాదం: సహజత – దాని పరిమితులు

పర్యాటక రచనను పాఠకుడు చదివి పక్కన పెట్టడు. దానిని నమ్మి గది తీసుకుంటాడు, బండి ఎక్కుతాడు, కొండదారి పడతాడు. కనుక ఈ రంగంలో అనువాదదోషం శైలీదోషంగానే మిగలదు. రొమేనియన్ నుంచి ఆంగ్లంలోకి వచ్చే పర్యాటక పదాలలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. దానికి ప్రధాన కారణం ఆ రెండు భాషల మధ్య దూరం కాదు, పైకి కనిపించే దగ్గరతనం.

రూపసామ్యం – అర్థభేదం

రొమేనియన్ లాటిన్ నుంచి పుట్టిన భాష. పంతొమ్మిదో శతాబ్దంలో అది ఫ్రెంచి పదాలను విస్తారంగా స్వీకరించింది. ఆంగ్లం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఆ పని చేసింది. ఒకే మూలానికి చెందిన పదాలు రెండు చోట్లా వేర్వేరు అర్థాలలో స్థిరపడ్డాయి. 'ఉపన్యాసం' తెలుగులో ప్రసంగమై, హిందీలో నవల కావడం, 'శిక్ష' ఇక్కడ దండనగా, అక్కడ విద్యగా నిలవడం ఇటువంటివే.

'ఒబియెక్టివ్ తురిస్టిక్' అంటే చూడదగిన స్థలం. దానిని 'టూరిస్ట్ అబ్జెక్టివ్' అంటే ఆంగ్ల పాఠకునికి పర్యాటకుని ఉద్దేశం స్ఫురిస్తుంది. 'అట్రాక్షన్' లేదా 'సైట్' అనడమే సహజం. 'పెన్సియూనె' ఒక చిన్న వసతిగృహం. పదవీ విరమణ భృతికి రొమేనియన్‌లో 'పెన్సియె' అనే వేరే పదం ఉంది. ఆంగ్లంలో 'పెన్షన్' అనగానే మొదట తోచేది ఆ భృతే. కనుక వసతికి 'గెస్ట్‌హౌస్' తగిన పదం. అయితే 'దెమిపెన్సియూనె'లో అదే పదం గదితోపాటు ఉదయపు ఫలహారాన్నీ మరొక పూట భోజనాన్నీ సూచిస్తుంది. దానికి బ్రిటిష్ ఆంగ్లంలో 'హాఫ్ బోర్డ్' అని వాడుక. ఒక పదానికి ఒకే సమానార్థకం చాలుననే భావన ఇక్కడ నిలవదు.

పదం వెనుక వ్యవస్థ

కార్పాతియన్ పర్వతాలలో నడకదారుల వెంట ఉండే 'కబాన' బాటసారులకు ఆశ్రయం. చాలాచోట్ల పడకగదులు ఉమ్మడిగా ఉంటాయి. దానిని 'క్యాబిన్' అని అనువదిస్తే తనకే ప్రత్యేకమైన చెక్క ఇల్లు దొరుకుతుందని పాఠకుడు ఆశిస్తాడు. ఆ సందర్భంలో 'మౌంటెన్ హట్' సరైన పదం. విహారస్థలంలో కుటుంబానికి అద్దెకిచ్చే కబానకు మాత్రం 'క్యాబిన్' సరిపోవచ్చు. నిర్ణయించవలసింది నిఘంటువు కాదు, ఆ వసతి స్వభావం.

సహజమైన పదం కూడా ఒక్కొక్కప్పుడు అర్థాన్ని కుదిస్తుంది. 'స్టాత్సియూనె బల్నెయార'కు 'స్పా' అనడం ఇటువంటిదే. నేటి ఆంగ్లంలో ఆ మాట ఎక్కువగా మర్దన, సౌందర్య సేవల వైపు మొగ్గింది. రోమన్ల కాలం నుంచి వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధమైన బయిలె హెర్కులానె వంటి ఊళ్లకు చికిత్స కోసం వెళ్లేవారున్నారు. 'స్పా టౌన్' అని, ఖనిజజల చికిత్సను ఒక్క మాటలో చేర్చినప్పుడే అర్థం నిండుతుంది. అనువాదం సాఫీగా సాగడమే గుణమనే ధోరణిని లారెన్స్ వెనూటి 1995 నాటి గ్రంథంలో విమర్శించాడు. ఆ విమర్శ సాహిత్యానువాదాన్ని ఉద్దేశించినదే అయినా ఇక్కడికీ వర్తిస్తుంది.

ఉంచవలసినవి – మార్చవలసినవి

అనువాద ప్రయోజనమే పద్ధతిని నిర్ణయిస్తుందని హాన్స్ ఫెర్మియర్ ప్రతిపాదించాడు. దానిని అనుసరిస్తే ఒక విభజన సాధ్యమవుతుంది. పర్యాటకుడు బోర్డు మీద గుర్తుపట్టవలసిన, నోటితో పలకవలసిన పదాలను వివరణతోపాటు అలాగే ఉంచాలి. బస్ స్టేషన్ అని మాత్రమే తెలిసినవానికి బోర్డు మీది 'ఔతొగార' అక్కరకు రాదు. క్యాబేజీ ఆకులలో మాంసం, బియ్యం చుట్టి వండే 'సర్మాలె'ను ఆ పేరుతోనే అడగాలి. 'చోర్బ దె బూర్త'ను మాటకు మాటగా 'పొట్ట సూప్' అంటే పాఠకుడు వెనుకాడతాడు. మూలనామం పక్కన 'ట్రైప్ సూప్' అని చేరిస్తే చాలు. కేవలం వర్ణనకో, సమాచారానికో పనికివచ్చే 'ఒబియెక్టివ్' వంటివాటిని పూర్తిగా ఆంగ్లీకరించవచ్చు.

కాబట్టి పర్యాటక అనువాదంలో సహజతను వాక్యం నున్నదనంతో మాత్రమే కొలవడం చాలదు. చదివినవాడు అనుకున్న చోటికి చేరి, ఆశించిన వసతిని పొందడమే దానికి సరైన కొలత.