బస్సు దిగి వ్రాసిన కొండల గ్రంథము

ఇంగ్లండు వాయవ్య భాగమున కొండలు, సరస్సులు కలసిన లేక్ డిస్ట్రిక్ట్ అను సీమ కలదు. 1951లో అది జాతీయోద్యానముగా ఏర్పడెను. అచ్చటి 214 కొండలను గూర్చి ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ (1907–1991) వ్రాసిన ‘ఎ పిక్టోరియల్ గైడ్ టు ది లేక్‌లాండ్ ఫెల్స్’ 1955 నుండి 1966 వరకు ఏడు సంపుటములుగా వెలువడెను.

గ్రంథకర్త కెండల్ పట్టణ పురపాలక సంఘమున కోశాధికారి. ఆయన కారు నడుపలేదు. సెలవు దినములలో బస్సెక్కి, ఏదో ఒక గ్రామమున దిగి, కొండ ఎక్కి, సాయంకాలము బస్సులోనే ఇల్లు చేరెడివారు.

ఈ గ్రంథము గొప్పతనము చిత్రములయందున్నది. కొండదారి క్రింద పటముగా మొదలై, పైకి పోయినకొలది కంటికి కనబడు దృశ్యముగా మారును. అక్షరములు సైతము ఆయన చేతివ్రాతయే. పటము చదువుట నేర్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి సాధనము దొరకుట అరుదు.

ఐనను ఒక లోపము కలదు. గ్రామమునుండి శిఖరమునకు అడుగడుగు దారి చూపిన రచయిత, ఆ గ్రామమునకు చేరుటను గూర్చి చెప్పినది స్వల్పము. బస్సు ఆయనకు నిత్యకృత్యము. చెప్పవలెనని తోచలేదు కాబోలు. నేడు అచ్చటికి పోవువారిలో అధికులు కార్లలోనే పోవుచున్నారు. కనుక ఆ లోపము చిన్నది కాదు.

లెక్క చూడుడు. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో బరువైనను, మండునపుడు అందలి కర్బనముతో గాలిలోని ప్రాణవాయువు చేరుటచే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) పుట్టును. లీటరునకు 15 కిలోమీటర్లు పోవు కారులో ఒంటరిగా 60 కిలోమీటర్లు తిరిగిన, 9.2 కిలోలు. లీటరు డీజిలు 2.7 కిలోలిచ్చును. లీటరునకు 4 కిలోమీటర్లు పోవు బస్సు అంతదూరమునకు సుమారు 40 కిలోలు విడుచును. నలుబదిమంది ఎక్కిన తలకొక కిలో. నలుగురే ఎక్కిన పది కిలోలు! అనగా మేలు బస్సులో లేదు, నిండిన బస్సులో ఉన్నది.

కావున ఈ గ్రంథము చదువువారు ప్రతి కొండకును ఒక పుట తామే చేర్చుకొనవలెను: ఏ బస్సున పోవుట, ఏ బస్సున మరలుట. మన పాఠశాలల విహారయాత్రకు ముందు సైతము ఉపాధ్యాయులు ఈ లెక్కను విద్యార్థులచేత వేయింపవచ్చును. కొండను కాపాడుట కొండ పాదమున కాక, మన ఇంటి గడపవద్దనే మొదలగును.