లడ్డూల చేత నటింపజేసిన తాడిపత్రి మనిషి

మా బుక్కరాయసముద్రం దాటి అదే రోడ్డున పోతే తాడిపత్రి వస్తుంది. ‘మాయాబజార్’ తీసిన కదిరి వెంకటరెడ్డి, మనందరికీ కె.వి.రెడ్డి, 1912లో పుట్టింది అక్కడే. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసి ఆడించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సినిమా ఆ ఆటలోంచి పుట్టిందని నేననను. రెండింట్లోనూ పనితనం ఒక్కటేనంటాను.

తోలుబొమ్మను చేతిలోకి తీసుకుని చూస్తేనే ఆ పనితనం తెలిసేది. తోలు మీది వెంట్రుకలు తీసి, గీకి, బిగించి ఆరబెడతారు. వెలుతురు అవతలికి కనిపించేంత పలచన చేస్తారు. గీతలు గీసి, ఉలితో చిన్నచిన్న బెజ్జాలు కొడతారు. దీపం వెనక ఉంటే ఆ బెజ్జాలే వడ్డాణం, కంఠాభరణం, కిరీటం మీది రాళ్ళు. రంగు రెండు వైపులా పూస్తారు. తల, భుజం, మోచేయి విడివిడిగా కోసి దారంతో కలుపుతారు. నడుమ నిలువునా ఒక బద్ద. ఇంతవరకూ అది తోలే. ఆడించేవాడు తెర వెనక నిలబడి, పాట తానే ఎత్తుకుని, యుద్ధమొస్తే కాలికింది చెక్కను దబదబా తొక్కుతూ బొమ్మ చెయ్యి విసిరిన క్షణాన అది భీముడవుతుంది. చెయ్యి ఒక లిప్తపాటు ముందు లేచినా, చెక్క ఒక లిప్త ఆలస్యంగా మోగినా మళ్ళీ తోలే. వానలు పడాలని విరాటపర్వం ఆడించుకున్న సీమ మనది. ఆట కుదరకపోతే వాన సంగతి అటుంచి, ముందు జనం లేచిపోతారు.

ఇక లడ్డూల దగ్గరికి వద్దాం.

వివాహభోజనం పాటలో ఘటోత్కచుడి ముందు లడ్డూలు పళ్ళెంలోంచి లేచి వరుసగా ఆయన నోట్లోకి పోతాయి. ఆ కాసేపటి దృశ్యానికి నాలుగు రోజులు పట్టిందని చెప్పుకుంటారు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇలాంటివాటికి ఉన్న దారులు కొన్నే: కనిపించని తీగ, వెనక్కి తిప్పిన ఫిల్ము, లేదా ఒక్కో ఫ్రేముకూ వస్తువును కాస్త జరిపి తీయడం. ఏ దారైనా ఎవరైనా పట్టవచ్చు. కె.వి.రెడ్డి గొప్పతనం ఆ లడ్డూల నడకలో ఉంది. అవి తోసుకోవు, తొందరపడవు. పంక్తిలో తమ వంతు వచ్చినట్టు, తాళం తప్పకుండా కదులుతాయి. మాధవపెద్ది సత్యం గొంతులోని తృప్తి ఆ లడ్డూలకు కూడా ఉన్నట్టుంటుంది. ఎస్.వి.రంగారావు కళ్ళు చూడండి. నోటికంటే ముందు కళ్ళు తింటాయి. అక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూస్తూ, అది వచ్చే వేగాన్ని కూడా చూపుతోనే కొలిచి చూపించాడాయన. లడ్డూ కదిలింది సగం ట్రిక్కుతోనైతే, మిగతా సగం ఆ చూపుతో.

రిహార్సల్లోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశం నిడివి లెక్క చూసుకునే దర్శకుడని కె.వి.రెడ్డికి పేరు. ఇలాంటి చోట్ల ఆ పేరు ఊరికే రాలేదని తెలుస్తుంది. వస్తువులకు ఆయన బుద్ధి, గుణం, కాస్త కొంటెతనం కూడా ఇచ్చాడు. పింగళి నాగేంద్రరావు కల్పించిన గింబళీ (కంబళి), గిల్పమూ (తల్పం) అల్లు రామలింగయ్యనూ వంగరనూ ముప్పుతిప్పలు పెడతాయి. అక్కడ నవ్వు పుట్టేది వస్తువు కదిలినందుకు కాదు. మనిషి మర్యాద కోసం చూస్తుంటే వస్తువు వాణ్ణి లెక్క చెయ్యనందుకు. ఎక్కినవాడి చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎక్కగానే శకుని నోరు జారుతుంది. పీఠం అంగుళం కూడా కదలదు, సి.ఎస్.ఆర్. మాత్రం దాని చేతిలో బొమ్మ అయిపోతాడు.

బయటి దేశాల్లో ఈ విద్యకు పెద్ద పేరు జిమ్ హెన్సన్. 1986లో వచ్చిన ఆయన ‘లాబిరింత్’లో ఇద్దరు ముగ్గురు మనుషులు, చుట్టూ బోలెడన్ని బొమ్మలు. నాకు ఇష్టమైన సినిమాయే. అయితే అక్కడ బొమ్మను బొమ్మగా గుర్తుపట్టి ముచ్చటపడతాం. కె.వి.రెడ్డి ఇంకా కష్టమైన పని పెట్టుకున్నాడు. మనిషినే బొమ్మ చేశాడు. ఆ మనిషి సావిత్రి.

మాయా శశిరేఖ అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆడించేవాడు రంగారావు, ఆడే బొమ్మ సావిత్రి. రంగారావు తెర మీద లేకుండానే ఆయన ఒళ్ళు మనకు కనిపించాలి. ‘అహ నా పెళ్ళంట’ పాటలో సుశీల గొంతు సాగుతూ సాగుతూ ఉండగా మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. సరిగ్గా ఆ చోట సావిత్రి కాళ్ళు ఎడంగా పడతాయి, ఛాతీ విరుచుకుంటుంది, లేని మీసం మీదికి చెయ్యి పోతుంది. మరుక్షణం ఎవరో వస్తున్నారని గుర్తొచ్చినట్టు మెడ వాలి, సిగ్గు తిరిగొస్తుంది. ఈ మారడంలో ఆమె వాడిన కొలత నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఇంకొంచెం ఎక్కువైతే వెక్కిరింత, ఇంకొంచెం తగ్గితే మామూలు నాట్యం. పెళ్ళిపీటల దగ్గర లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతున్నప్పుడు ఆమె మొహం మాత్రం పెళ్ళికూతురిదే. బరువంతా పాదంలో పెట్టి, ముఖాన్ని దానికి సంబంధం లేనట్టు ఉంచింది. రేలంగి హడావుడి సగం నవ్విస్తే, సావిత్రి నిమ్మళం మిగతా సగం నవ్విస్తుంది. ఈ సినిమాలో అన్నిటికంటే గొప్ప ట్రిక్ షాట్ ఏదంటే నేను సావిత్రి నడుము నుంచి పాదం దాకా అంటాను.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెల గురించి చాలామంది రాశారు, నేను పొడిగించను. ద్వారక గురించి మాత్రం ఒక మాట. గోఖలే, కళాధర్‌ల కళావిభాగం సుమారు 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 బొమ్మ ఇళ్ళు కట్టి, వాటికి దీపాలు కూడా పెట్టిందంటారు. తెర మీద ఆ నగరం కనిపించేది కాసేపే. కానీ ఆ దీపాలే నగరాన్ని నమ్మిస్తాయి. తోలులో బెజ్జాలు కొట్టేవాడికి తెలిసిన రహస్యమే ఇది. గోడలు, స్తంభాలు ఎంత బాగా చేసినా, వెనక నుంచి వెలుతురు రాకపోతే ఊరు బతకదు.

లోపాలు లేవా అంటే, మొదటి భాగంలో బంధుత్వాలూ మాట తప్పడాలూ కాస్త నెమ్మదిగా నడుస్తాయి. ఈ కాలం పిల్లలు అక్కడ కదులుతారు. ఘటోత్కచుడు వచ్చేదాకా ఓపిక పట్టించాల్సింది పెద్దవాళ్ళే. పాండవుల్ని తెర మీదికి తేకుండానే పాండవుల కథ నడిపించాడన్న సంగతి అప్పుడు చెబితే, వాళ్ళ కోసం వెతుకుతూ కూర్చుంటారు.

1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాకు 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. అద్దినవాళ్ళ శ్రమను తక్కువ చెయ్యను. అయినా బార్ట్‌లీ వెలుగునీడలు పెట్టింది నలుపు తెలుపుల కోసం. రంగు పడ్డాక నగలు మెరుస్తాయి గానీ మాయ పలచబడుతుంది. మీ ఇంట్లో పిల్లలకు మొదటిసారి చూపిస్తుంటే నలుపు తెలుపు ప్రతి పెట్టండి. వీలైతే ఒక ఆదివారం నిమ్మలకుంటకూ తీసుకెళ్ళి, తోలుబొమ్మను దీపం ముందు పట్టుకుని చూడనివ్వండి.