పెదవి బరువెక్కేదాకా

మొన్న ఆదివారం బీరువా సర్దుతుంటే శాలువాలు బయటపడ్డాయి. లెక్కపెడితే 19. మా అత్తగారు ప్రతి చలికాలం వాచ్‌మన్‌కో, పాలబ్బాయికో ఒకటి తీసి ఇచ్చేస్తుంటారు కాబట్టి అసలు లెక్క పాతిక దాకా ఉంటుంది. "పళ్ల డాక్టరమ్మకి ఇన్ని శాలువాలెందుకమ్మా?" అని కొత్తగా చేరిన పనమ్మాయి అడిగింది. "మాట్లాడితే కప్పుతారే" అన్నారు అత్తగారు. మాట్లాడినందుకు కప్పుతారో, ఇక ఆపమని కప్పుతారో మొదట్లో నాకూ తెలిసేది కాదు.

సికింద్రాబాద్ మారేడుపల్లిలో ఇరవై రెండేళ్లుగా నాకు క్లినిక్కుంది. రైల్వే పెన్షనర్లు, కంటోన్మెంటు వైపు మిలిటరీ కుటుంబాలు, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తమిళులు, చిలకలగూడ నుంచి ఆటోలో దవడ పట్టుకుని వచ్చేవాళ్లు, అందరూ నా కుర్చీలో ఒక్కలాగే నోరు తెరుస్తారు. రోజంతా నేను మాట్లాడుతూనే ఉంటాను. "ఇంకొంచెం తెరవండి... చీమ కుట్టినట్టుంటుంది అంతే... అయిపోయింది, అయిపోవచ్చింది..." ఎదుటివాళ్లు ఆఁ, ఊఁ తప్ప ఏమీ అనలేరు. ఇంత నిరాటంకంగా మాట్లాడే అవకాశం అసెంబ్లీలో స్పీకరుకి కూడా ఉండదు. అందుకే ఒక కాలనీ వయోవృద్ధుల సంఘం వాళ్లు వచ్చి దంత సంరక్షణ మీద మాట్లాడమంటే, ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను.

నలభై నిమిషాల ప్రసంగానికి 48 స్లైడ్లు తయారుచేశాను. హాల్లో వెనక బల్ల మీద ఉప్మా, అల్లం పచ్చడి సర్ది ఉన్నాయి. ముందు తెర మీద నేను చీము కారే చిగుళ్లని గోడంత చేసి చూపించాను. ఆ పూట ఉప్మా మిగిలిపోయింది. సంఘం కార్యదర్శిగారు మర్యాదస్తులు. "చాలా విషయాలు చెప్పారమ్మా" అన్నారు. ఆ 'చాలా' దగ్గర గొంతు కాస్త సాగింది. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: పై పన్ను పీకించుకుంటే కంటిచూపు పోతుందా అని. దాని జవాబు నా 31వ స్లైడు. పది నిమిషాల క్రితమే చదివి వినిపించాను.

ఆ రాత్రి మావారు ఓదార్పుగా ఒక మాటన్నారు. "రోజూ ఎస్డీ రోడ్డులో మహబూబ్ కాలేజీ ముందునుంచే కదా వెళ్తావు. వివేకానందుడంతటివాడు కూడా షికాగోకి ముందు అక్కడ మాట్లాడాడు." నిజమే. 1893 ఫిబ్రవరి 13న ఆయన ఆ కాలేజీలో, పాశ్చాత్య దేశాలకు తాను ఏ పని మీద వెళ్లదలచాడో చెప్పాడు. వెయ్యిమందికి పైగా విన్నారు, వాళ్లలో దొరలూ ఉన్నారు. షికాగో సభకి ఇంకా ఏడు నెలలుంది. ఆయన దగ్గర స్లైడ్లు లేవండీ అని మావారికి గుర్తుచేశాను.

తర్వాత టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరాను. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా ఊళ్లో, వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన, నలుగురిలో మాట్లాడటం నేర్పడానికి మొదలుపెట్టిన సంఘం అది. ఏడు నిమిషాల ప్రసంగానికి ఐదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరులో పసుపు, ఏడులో ఎర్ర కార్డు చూపిస్తారు. నోట్లోంచి దొర్లే 'ఆ', 'అంటే', 'ఏంటంటే'లను లెక్కపెట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. నా వంతు వచ్చిన రోజు ఆ లెక్కలవాడు మా అబ్బాయి వయసు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. 23 అని తేల్చాడు. అక్కడితో ఊరుకోలేదు. "మేడమ్, మీరు మధ్యలో ఎక్కడా ఆగరు. ఖాళీ కనిపిస్తే చాలు, సిమెంటు పెట్టేస్తారు" అన్నాడు. నా వృత్తి ఏమిటో అతనికి తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఇంటికొచ్చాక హొరేస్ వెల్స్ గుర్తొచ్చాడు. మత్తుమందుల పాఠంలో మేమందరం చదివే పేరే. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊళ్లో పళ్ల డాక్టరు. 1844 డిసెంబర్ 10న కోల్టన్ అనే ఆయన పెట్టిన వినోద ప్రదర్శనకి వెళ్లాడు. జనంలో కొందరిని పిలిచి నైట్రస్ ఆక్సైడ్, అదే నవ్వించే వాయువు, పీల్పిస్తారు. వాళ్లు వేదిక మీద చిందులేస్తుంటే మిగతావాళ్లు చూసి నవ్వుతారు. అలా చిందులేసిన ఒక దుకాణం గుమాస్తాకి కాలికి గట్టిగా దెబ్బ తగిలింది. అతనికి మాత్రం నొప్పే తెలియలేదు. అందరూ మనిషిని చూసి నవ్వుతుంటే వెల్స్ ఆ కాలు చూశాడు. మర్నాడే అదే వాయువు పీల్చి తన పన్ను పీకించుకున్నాడు. ఏమీ తెలియలేదు.

తర్వాతి నెలలో, అంటే 1845 జనవరిలో, బోస్టన్ వెళ్లి వైద్య విద్యార్థుల ఎదుట చేసి చూపించబోయాడు. వాయువు సంచి త్వరగా తీసేశారు. మత్తు పూర్తిగా పట్టలేదు. పటకారు బిగించి లాగేసరికి మనిషి అరిచాడు. మోసం, మోసం అని హాలంతా గోల. తనకి పెద్దగా నొప్పి తెలియలేదని ఆ మనిషి తర్వాత చెప్పాడు కానీ అప్పటికి వినేవాళ్లెవరున్నారు? 1846 అక్టోబర్ 16న అదే బోస్టన్‌లో వెల్స్ పాత భాగస్వామి మోర్టన్ ఈథర్‌తో చేసి చూపించాడు. పేరు ఆయనకి వెళ్లింది. 1848లో వెల్స్ పోయేనాటికి 33 ఏళ్లు.

నేను ఈ కథని ఇరవై ఏళ్లు వైద్యం కథలాగే చదివాను. క్లబ్బు నుంచి వచ్చిన రాత్రి మొదటిసారి అది వేదిక కథలా కనిపించింది.

ఎందుకంటే, ఆ వేదిక మీద లోపించింది మత్తెక్కేదాకా ఆగడమే. ఆగడం నా వృత్తిలో రోజూ ఉన్న పనే. కింది దవడ పన్నుకి సూది వేయాలంటే బుగ్గని బొటనవేలితో వెనక్కి లాగి, దవడ ఎముక లోపలి వైపున నరం దిగే చోటు చూసుకుని, లిగ్నోకెయిన్ మెల్లగా ఎక్కించాలి. ఆ తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలు ఏమీ చేయకూడదు. ఆ ఐదు నిమిషాలే కష్టం. కొత్తలో నేను కుర్చీ పక్కనే నిలబడి అర నిమిషానికోసారి "తిమ్మిరెక్కిందా?" అని ప్రాణం తీసేదాన్ని. ఇప్పుడు గ్లవ్స్ తీసేసి, అటు తిరిగి, కేస్‌షీటు రాసుకుంటాను. కాసేపటికి వాళ్లే అంటారు, "డాక్టరుగారూ, పెదవి ఇంత లావైనట్టుంది" అని. అద్దంలో చూపిస్తే పెదవి మామూలుగానే ఉంటుంది. అప్పటికీ చిగురు మీద ప్రోబ్‌తో గుచ్చి చూసి, "నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి" అని చెప్పి, అప్పుడు గానీ పరికరం పట్టను.

మైకు అందుకోగానే ఇదంతా గంగలో కలిసిపోయేది. సూది దించిన మరుక్షణమే పటకారు తీసేదాన్ని.

48 స్లైడ్లు ఏడయ్యాయి. చిగుళ్ల బొమ్మలకి సెలవిచ్చాను. ఇప్పుడు లేచి నిలబడి ఒకటే అడుగుతాను: "పై పన్ను పీకిస్తే చూపు పోతుందని మీలో ఎవరికి ఎవరు చెప్పారు?" అడిగి ఊరుకుంటాను. మొదటి నాలుగు సెకన్లు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఏడో సెకనుకి నిర్వాహకులు నా వైపు ఆందోళనగా చూస్తారు. పదో సెకనుకి మూడో వరసలో ఎవరో ఒక పెద్దావిడ, "మా అత్తగారు చెప్పిందమ్మా, ఆవిడకి నిజంగానే పోయింది" అంటుంది. పక్కావిడ అందుకుంటుంది. వాళ్లది వాళ్లు చెప్పుకున్నాక, పై పళ్ల నరం దారి వేరు, చూపు నరం దారి వేరు, అత్తగారికి వచ్చింది శుక్లమేమో అంటే తలలూపుతారు. ఆ జవాబు పాతదే, 31వ స్లైడులోదే.

ఇక డబ్బు సంగతి. రెండు ఉద్యోగాలవాళ్లు మనకి కొత్త కాదు. చాగంటి కోటేశ్వరరావుగారు ఫుడ్ కార్పొరేషన్‌లో పనిచేస్తూనే ప్రవచనాలు చెప్పారు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం ఇంద్రజాలం నుంచి వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చారు. హరికథ చెప్పే దాసుగారి ముందుకి పళ్లెం వస్తే కథకి అడ్డమని మన పెద్దలెవరూ అనుకోలేదు. సంభావన అని దానికి చక్కటి పేరు కూడా పెట్టారు. అయినా, "మీ రెమ్యునరేషన్ ఎంత మేడమ్?" అని ఫోన్లో ఎవరైనా అడిగితే నా గొంతులో వెలక్కాయ పడేది. రూట్ కెనాల్‌కి ఇంత, క్యాప్‌కి ఇంత అని రెప్ప వేయకుండా చెప్పే నోరు, "అయ్యో, మీ ఇష్టమండీ" అనేది. వాళ్ల ఇష్టం శాలువా, మెమెంటో, ఒక బొకే.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా క్లినిక్కుకి ప్రాణం. ఒక ప్రసంగమంటే ఆ మూడు గంటలూ మూత. ఇంకా అద్దె, అసిస్టెంటు అమ్మాయి జీతం. రిటైరైన లెక్కల టీచరు మా అత్తగారు కాగితం మీద వేసి చూపించారు. "పన్ను పీకితే డబ్బు తీసుకుంటావు, పన్ను పీకక్కర్లేకుండా చేస్తే తీసుకోవా?" అన్నారు. సరే అని, ఈసారి ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే ధైర్యంగా అంకె చెప్పాను. అవతల నిశ్శబ్దం. రెండు సెకన్లు, మూడు... "అంటే... ఏంటంటే... కొంచెం తగ్గించొచ్చు లెండి" అన్నాను నేనే. "లేదు మేడమ్, రాసుకుంటున్నాను" అన్నాడతను, కానీ తగ్గించిన అంకే రాసుకున్నాడు. ఆగడం నేర్చుకున్నదాన్నని గర్వపడుతున్న రోజుల్లోనే ఇది జరిగింది.

దంత వైద్యులకి ఇంకో ఇరకాటముంది. రోగుల్ని రప్పించుకోవడానికి ప్రచారం చేసుకోకూడదని డెంటల్ కౌన్సిల్ 2014లో తెచ్చిన నీతి నియమావళి చెబుతుంది. కాబట్టి వేదిక మీద క్లినిక్కు పేరెత్తను, కార్డులు పంచను. జనం ఊరుకుంటేగా? దిగగానే నలుగురు చుట్టుముట్టి, "ఒక్కసారి చూడండి మేడమ్" అంటూ సెల్‌ఫోన్ టార్చి నోట్లోకి వేసుకుంటారు. చూసి, మీ డాక్టరు దగ్గరికే వెళ్లండని చెప్పి కారెక్కుతాను.

డబ్బు రానివాటిలో ఒకటి చెప్పి ముగిస్తాను. 2022లో నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక బడికి వెళ్లాను. ఫ్లోరైడ్ ప్రాంతం. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బుని మొదట గుర్తించింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. పేరు మాత్రం నల్లగొండకే స్థిరపడిపోయింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఆ ఊళ్లకి నది నీళ్లు వచ్చాయి. పదో తరగతి పిల్లలు నేల మీద కూర్చున్నారు. నవ్వొస్తే ముందు అరచెయ్యి లేస్తోంది, తర్వాత నవ్వు వస్తోంది. ఏమైనా అడగండర్రా అని ఆగాను. ఈసారి పది సెకన్లు చాల్లేదు. హెడ్మాస్టరుగారు "అడగండిరా" అని గద్దించబోతే చేత్తో వద్దన్నాను.

ఎప్పటికో వెనక నుంచి ఒకడు లేచాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అడిగాడు.

"నీళ్లు మారినయ్ గద మేడం. మరి నా పండ్లెందుకు మారలే?"

ఆ గోధుమరంగు మచ్చ పన్ను బయటికి రాకముందే, చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడుతుందని, బయటికొచ్చాక నీళ్లు మారినా అది పోదని, ఎంత తోమినా పోదని, తోమకపోవడం వల్ల వచ్చింది కానే కాదని చెప్పాను. వాడు కూర్చోలేదు.

"మా తమ్మునివి మంచిగొస్తయా?"

"ఎన్నో తరగతి?"

"రెండు. గీ పక్క బడే."

ఎవరో పరిగెత్తుకెళ్లి వాణ్ణి లాక్కొచ్చారు. ముందు పాలపళ్లు ఊడి బోసినోరు. చేతులు కడుక్కుని, కిటికీ వెలుగులోకి తిప్పి, పై పెదవి ఎత్తి చూశాను. ఒక పన్ను సగం దిగింది. అంచు చిన్న రంపంలా గరుగ్గా ఉంది, కొత్త పన్ను అలాగే ఉంటుంది. తెల్లగా ఉంది. పక్క పన్ను కోసం వేలితో చిగురు తడిమాను. లోపల గట్టిగా తగులుతోంది, ఇంకా రాలేదు. అన్న నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. వాడి చెయ్యి నోటి మీద లేదు.

వెనక హెడ్మాస్టరుగారు శాలువా మడత విప్పుకుంటూ వచ్చారు.

"ఒక్క నిమిషం ఆగండి సార్" అన్నాను.