చక్రం తిరిగితే చాలదు

నెల్లూరు తీరంలో మైపాడు చుట్టుపక్కల ఊళ్ళలో పెంకుటిళ్ళు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. రొయ్యల గుంటలు కలిసొచ్చిన ఏడో, కువైట్ నుంచి కొడుకు డబ్బు పంపిన ఏడో వాటి చోట స్లాబు లేస్తుంది. కూల్చే ముందు ఇంట్లో సామానంతా వాకిట్లోకి వస్తుంది. రోలు ఎవరో అడిగి పట్టుకుపోతారు. ఇత్తడి గుండిగ కోసం ఇద్దరు తగాదా పడతారు. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలేది తొక్కుడు కుట్టుమిషను. పాత ఇనుప సామాన్లు కొనే ఆయన దాన్ని కాలితో ఒకసారి కదిలించి, తల ఎంత తూగుతుందో, కాళ్ళు ఎంత తూగుతాయో మనసులోనే లెక్క వేసుకుంటాడు.

మా పెద్దమ్మ సింగర్ మిషను కూడా ఈ దారే పట్టింది. ఆమె పోయి చాలా కాలమైంది. మిషను గొడ్ల చావిట్లో గోనెపట్టా కింద ఉండిపోయింది. పంపకాల్లో దాని పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తేసరికి మూడు మాటలు వచ్చాయి. తమ్ముడు తూకానికి వేసేద్దామన్నాడు. వాడి కూతురు, ఇనుప కాళ్ళు మాత్రం ఉంచుకుని పైన గ్రానైటు పలక వేస్తే టీవీ పెట్టుకోవచ్చంది. మరదలు మాత్రం, "బాగుచేయించుకో వదినా, కానీ దాని మీద కుట్టేదెవరు?" అంది. అడగాల్సింది ఆమే అడిగింది. దానికి జవాబు వెతకాలంటే ముందు మిషను బతికుందో లేదో తేలాలి.

సముద్రం పక్కన ఇనుముకి పట్టే జబ్బు వేరు. నెల్లూరు టౌనులో ఇరవై ఏళ్ళు మూలన పడున్న మిషను కంటే మైపాడులో అయిదేళ్ళు పడున్న మిషను ఎక్కువ పాడైపోవచ్చు. గాలితో వచ్చే ఉప్పు ఇనుము మీద కంటికి కనపడని పొరగా కూర్చుంటుంది. కూర్చుని చెమ్మను లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కూడా నీరు కారుతుంది. మా తీరంలో ఆ మాత్రం తేమ ఎన్ని రాత్రులు ఉంటుందో ఇక్కడ ఉప్పు డబ్బా మూత తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అంటే వాన చినుకు పడకపోయినా మిషను తడిసే ఉంటుంది. అందుకే ఇక్కడ తుప్పు పైపైన ఎర్రగా పూసి ఊరుకోదు, ఇనుములో గుంటలు తవ్వుతుంది. ఉప్పు తుడవకుండా మీద నూనె పోస్తే, నూనె కిందే దాని పని అది చేసుకుపోతుంది. మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ముందు తుడవాలి. వెంటనే ఎండలో ఆరబెట్టాలి. నూనె ఆ తర్వాతే. ఇనుము మీద నీళ్ళా అని ఉలిక్కిపడేవాళ్ళు పడనీండి.

నెల్లూరులో మిషన్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. తలను మాత్రం విప్పి ఆటోలో వేసుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. తల ఒక్కటే పన్నెండు కిలోల పైమాటే. ఆయన గోనెపట్టా విప్పి, "ఏందమ్మా, వలేసి తీసినారా దీన్ని?" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ముందు పగులు కోసం వెతికాడు. పోత ఇనుము పగిలితే అతుకు నమ్మకంగా నిలవదు, అక్కడితో కథ అయిపోయినట్టే. పగులు లేదు. తర్వాత చక్రం మధ్యలో ఉండే గుండ్రటి బిళ్ళను వదులు చేశాడు. చక్రం ఒక్కటే తిరిగింది. బిళ్ళ బిగించాక కదల్లేదు. చిక్కు లోపలుందన్న మాట. తలను బోర్లించి, షటిల్ తిరిగే గాడిని వేలి గోరుతో తడిమాడు. అన్నిటికంటే ఎక్కువసేపు ఆయన చూసింది ఆ గాడినే. చక్రం మీద, పైకప్పు మీద ఎంత తుప్పున్నా కుట్టుకు నష్టం లేదు. గాడిలో గుంట పడితే మాత్రం దారం తెగుతూనే ఉంటుంది.

గాడి నున్నగానే ఉంది. సూదిని పట్టుకునే కడ్డీకి గుంటలు పడ్డాయి.

"పట్టేసింది తుప్పుకి కాదమ్మా, నూనెకి. కొబ్బరినూనె పోసినారు గదా?" అని అడిగాడు భాయ్. పోశారు. మా పెద్దమ్మ తలకీ మిషనుకీ ఒకటే సీసా. వంటనూనె, కొబ్బరినూనె ఏళ్ళ తరబడి లోపల ఉండిపోతే జిగురై, తర్వాత గట్టిపడి కూర్చుంటుంది. దానికి మందు కిరసనాయిలు. ఇప్పుడు అది దొరకడమే గగనం. ప్రతి నూనె రంధ్రంలో చుక్క చుక్కగా వేసి, నానబెట్టి, చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపాలి. రోజులు పట్టవచ్చు. ఈ పనికి సుత్తి ఎత్తేవాడి చేతికి మీ మిషను ఇవ్వకండి. స్పిరిట్ పెట్టి మెరుగు పెడతానన్నవాడికీ ఇవ్వకండి, మురికితో పాటు మిషను మీది బంగారు పువ్వులు కూడా లేచిపోతాయి.

బాగుచేయాలా వద్దా అన్నది మిషను రకాన్ని బట్టి కూడా ఉంటుంది. పీఠం మీద కుడివైపు అంకెలు కొట్టి ఉంటాయి. మా దాని అంకెల ముందు 'వై' అన్న ఇంగ్లీషు అక్షరం ఉంది. అది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ గుర్తు, 1920ల నుంచి 1930ల నడిమి దాకా వాడిన వరస. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అయినా మా మిషనుకు సూది నెల్లూరులో దొరుకుతుంది, బాబిన్ దొరుకుతుంది, బాబిన్ కేసు దొరుకుతుంది. ఎందుకంటే అది పదిహేనో క్లాసు మిషను. మన దేశంలో ఉషా మొదలుకుని లూధియానాలో తయారయ్యే మిషన్ల దాకా చాలావరకు ఆ నమూనానే అనుసరించాయి. కొన్ని పాత రకం సింగర్లలో గుండ్రటి బాబిన్ ఉండదు, సన్నటి పొడుగాటి బాబిన్, పడవ ఆకారం షటిల్ ఉంటాయి. వాటికి విడిభాగాలు వెతుక్కోవాలి. ప్లేటు జరిపి లోపల పడవ కనబడితే, ఎంత ముచ్చటగా ఉన్నా రెండుసార్లు ఆలోచించమంటాను.

సింగర్ పేరు చెప్పగానే మా వైపు పెద్దవాళ్ళకు గాంధీగారు గుర్తొస్తారు. మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. పొణకా కనకమ్మ ఇచ్చిన స్థలంలో 1921 ఏప్రిల్ 7న గాంధీగారే దాన్ని ప్రారంభించారు. రాట్నం తిప్పమని ఊరూరా చెప్పిన ఆ మనిషి 1924లో, యంత్రాలన్నీ చెడ్డవేనా అని ఒక విద్యార్థి అడిగితే, సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి, ప్రేమతో సింగర్ దీన్ని కనిపెట్టాడని చెప్పారు. మరి మిషన్లు చేయడానికి ఫ్యాక్టరీ కావాలి గదా అంటే, అలాంటి ఫ్యాక్టరీలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. ఐజాక్ సింగర్ సంసారం సంగతి ఆయన దాకా వచ్చినట్టు లేదు. పలువురు ఆడవాళ్ళతో వేరువేరు కాపురాలు, ఇరవైకి పైగా పిల్లలు. 1851లో పేటెంటు తీసుకున్న సింగర్ ప్రేమతో చేశాడో లేదో గానీ, ఆయన కంపెనీ 1856లో మొదలెట్టిన వాయిదాల పద్ధతి వల్లే మిషను పేదిళ్ళకు చేరింది. గాంధీగారి కథ తప్పయినా, ఆయన పెట్టిన కొలత నాకు నచ్చుతుంది. యంత్రం మంచిదా చెడ్డదా అని కాకుండా, దాని ముందు కూర్చున్న మనిషికి ఏం తగ్గింది, ఏం మిగిలింది అని చూశారాయన.

ఆ కొలతతోనే మరదలి ప్రశ్నకు వస్తాను. ఇవాళ కుట్టి బతికేవాళ్ళకు తొక్కుడు మిషను చాలదు. కరెంటుతో నడిచే పెద్ద మిషను నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తుంది. ఒకప్పటి మన జిల్లాలోని తడ దగ్గర మాంబట్టు బూట్ల ఫ్యాక్టరీకి పొద్దున్నే బస్సుల్లో వెళ్ళే ఆడపిల్లలకు ఆ వేగమే తెలుసు. కొత్త మిషను కొనడానికి సర్కారు సాయం కూడా ఉంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఇంత ఉండగా పాతది ఎందుకంటే నా దగ్గర ఉన్న జవాబు తుఫాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. స్తంభాలు పడిపోయి చీకట్లో కూర్చున్న ఊళ్ళో కాలితో నడిచే మిషను ఒక్కటుంటే, పగటి వెలుగులో నాలుగు జాకెట్లు కుట్టవచ్చు, చిరిగిన పట్టాలు అతుక్కోవచ్చు.

పట్టపుపాలెంలో జాకెట్లు కుట్టే అమ్మాయి ఒకామె ఉంది. ముందే అడిగి ఉంచాను, తర్వాత వచ్చి చూసింది. భాయ్ అప్పటికే వేరే చచ్చిన మిషను నుంచి కడ్డీ తీసి దీనికి వేశాడు, కొత్త తోలు బెల్టు బిగించాడు. ఆమె కాసేపు తొక్కి, "ఇది ఎప్పటికి కుట్టేది అక్కా!" అని నవ్వింది. తర్వాత చీర అంచుకు ఫాల్ వేసి చూసింది, కుట్టు మెచ్చుకుంది. తన దగ్గర నేర్చుకునే పిల్లలను దీని మీద కూర్చోబెడతానంది. మొదటి నెలల్లో వేలు సూది కింద పడేది వేగం వల్లే గదా, దీని వేగం పిల్ల కాళ్ళలోనే ఉంటుంది. అంతే, ఇచ్చేశాను. రంగు వేయించలేదు. పోయిన పువ్వులు పోయినట్టే ఉన్నాయి.

ఆమె దొరక్కపోతే నేను బాగుచేయించేదాన్ని కాదు. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే భాయ్ చేసిన వరసలోనే చూడండి: పగులు, చక్రం, గాడి, సూది కడ్డీ, లోపలి షటిల్ రకం. అన్నీ సరిపోయినా, కూర్చుని కుట్టే మనిషి పేరు చెప్పలేకపోతే దాని మీద రూపాయి పెట్టకండి. తలను రిపేరు చేసే మనిషికి విడిభాగాల కింద ఇచ్చేయండి, ఇంకో మిషను బతుకుతుంది. కాళ్ళ మీద గ్రానైటు వేసుకుంటారా, అది మీ ఇష్టం. షోకేసు కోసం బాగుచేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.